ఎకనామిక్స్ బస్తీకొచ్చింది!

పేదరికం ఎందుకు పోవడం లేదు? ఈ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర విభాగం హైదరాబాద్ బస్తీలకూ, ఉదయ్‌పూర్ పల్లెలకూ వచ్చింది. వెళ్లేటప్పుడు నోబెల్ పట్టుకెళ్లింది. మరి ఆ బస్తీలకు దక్కిందేమిటి?

వారానికోసారి సమావేశం. ఆరు నుంచి పది మంది ఆడవాళ్లు ఓ ఇంటి అరుగు మీద చేరతారు. కొంగుముడి విప్పి వాయిదా డబ్బు తీస్తారు. ఎవరైనా కట్టలేకపోతే మిగతావాళ్లు తలా కాస్త వేసుకోవాల్సిందే. సంతకాలు, లెక్క చూసుకోవడం, లేచి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోవడం. 2005 తర్వాత నాలుగైదేళ్లు హైదరాబాద్ బస్తీల్లో ఉన్నవారికి ఈ దృశ్యం కొత్తకాదు. డ్వాక్రా గ్రూపుల సంగతి అప్పటికే అందరికీ తెలుసు కానీ ఇవి వేరు. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు పెట్టిన గ్రూపులు.

అదే రోజుల్లో ఆ సందుల్లోకి కాగితాల కట్టలతో మరికొందరు కూడా వచ్చేవారు. అప్పులివ్వడానికి కాదు, వసూలుకీ కాదు... ఊరికే ప్రశ్నలడగడానికి! ఇంట్లో ఎందరు, అప్పెంత, ఎవరి దగ్గర, టీ తాగడానికీ బీడీలకూ ఎంతవుతుంది, పిల్లలు ఏ బడికెళ్తున్నారు... ఇలా దాదాపు ఏడు వేల ఇళ్లు తిరిగారు. ఆ ప్రశ్నలు తయారైంది బోస్టన్ పక్కన, చార్లెస్ నది ఒడ్డునున్న కేంబ్రిడ్జ్‌లో. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ... మనందరికీ ఎంఐటీగా తెలిసిన విద్యాసంస్థలో. ఇంజినీరింగ్‌కి పెట్టింది పేరైన ఆ ఎంఐటీలోనే, ప్రపంచంలో అగ్రశ్రేణిలో నిలిచే ఆర్థికశాస్త్ర విభాగమూ ఉంది.

మందుల్లాగే పథకాలకూ పరీక్ష

కొత్త మందు కనిపెడితే ఏం చేస్తారు? రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి మందిస్తారు, రెండోదానికి ఇవ్వరు. తర్వాత పోల్చి చూస్తారు. మరి కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వ పథకాలకు ఈ పరీక్ష ఎందుకుండకూడదు? ఎంఐటీ ఆచార్యులు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, సెంధిల్ ముల్లైనాథన్ ఈ ఆలోచనతోనే 2003లో ఓ పరిశోధన కేంద్రం పెట్టారు. రెండేళ్ల తర్వాత దానికి అబ్దుల్ లతీఫ్ జమీల్ పేరు చేరింది. ఇప్పుడు అందరూ జె-పాల్ అంటారు. దాని దక్షిణాసియా కార్యాలయం 2007లో చెన్నైలో మొదలైంది.

బెనర్జీ ముంబైలో పుట్టి కోల్‌కతాలో పెరిగారు. ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన ఢిల్లీ జేఎన్‌యూ. అక్కడ చదివేటప్పుడు 1983లో విద్యార్థుల ఆందోళనలో అరెస్టయి తీహార్ జైల్లో పది రోజులున్నారు కూడా. డఫ్లో ఫ్రాన్స్ అమ్మాయి. ఎంఐటీలోనే పీహెచ్‌డీ చేసి అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత ఇద్దరూ దంపతులయ్యారు. 2019లో వీళ్లకూ, అప్పట్లో హార్వర్డ్‌లో ఉన్న మైకేల్ క్రెమర్‌కూ కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి డఫ్లో వయసు 46. ఆ బహుమతి అందుకున్నవారిలో అందరికన్నా చిన్నది, ఎలినార్ ఆస్ట్రమ్ తర్వాత రెండో మహిళ. స్టాక్‌హోమ్ వేదిక మీదికి ఆయన పంచెకట్టుతో, ఆవిడ చీరకట్టుతో వచ్చిన ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

కిలో పప్పు చేసిన పని

మన దేశంలో వీళ్లు చేసిన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో చేసింది. అక్కడ టీకాలు ఉచితమే. అయినా వేయించేవాళ్లు లేరు. నర్సు ఉంటుందో ఉండదో తెలియని ఉపకేంద్రానికి బిడ్డను చంకనేసుకుని మైళ్లు నడిచి వెళ్లేదెవరు? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

సేవామందిర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 134 గ్రామాల్ని ఎంచుకున్నారు. కొన్ని ఊళ్లను అలాగే వదిలేశారు. కొన్నింట్లో ప్రతినెలా తప్పకుండా టీకాల శిబిరం పెట్టారు. ఇంకొన్నింట్లో శిబిరంతోపాటు, టీకా వేయించుకున్న ప్రతిసారీ తల్లి చేతిలో కిలో పప్పు పెట్టారు. టీకాలన్నీ పూర్తయితే స్టీలు కంచాల సెట్టు. అంతే!

ఏమీ చేయని ఊళ్లలో అన్ని టీకాలూ పడిన పిల్లలు నూటికి ఆరుగురు. శిబిరం పెట్టినచోట పద్దెనిమిది. పప్పు కూడా ఇచ్చినచోట ముప్పై తొమ్మిది! విచిత్రం ఏమిటంటే పప్పు ఇచ్చినచోటే ఒక్కో బిడ్డకయ్యే ఖర్చు తగ్గింది. నర్సు రోజంతా ఖాళీగా కూర్చోకుండా ఎక్కువమందికి టీకాలు వేసింది కదా మరి. ‘పిల్లల ఆరోగ్యం కోసం తల్లికి లంచమివ్వాలా’ అని విసుక్కున్నవాళ్లూ లేకపోలేదు. నాకు మాత్రం అందులో లంచం కనిపించలేదు. రేపెప్పుడో రాబోయే జబ్బుకీ ఇవాళ పోయే కూలికీ మధ్య నలిగిపోయే తల్లికి ఆ కిలో పప్పు ఓ సాకు. మనం మాత్రం... జిమ్‌కి డబ్బు కట్టి ఎన్నిరోజులు వెళ్తున్నాం?

అదే ఉదయ్‌పూర్‌లో ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఇంకో ప్రయోగం. పంతుళ్లు బడికి రావట్లేదు. చేతికో కెమెరా ఇచ్చారు. పొద్దున బడి తెరిచాక ఒకటి, మూసేముందు ఒకటి... పిల్లలతో సహా పంతులి ఫొటోని ఓ విద్యార్థి తీయాలి. ఫొటో మీద తేదీ, సమయం పడతాయి, వాటిని మార్చడానికి వీల్లేదు. వచ్చిన రోజుల్ని బట్టే జీతం. నూటికి 42గా ఉన్న గైర్హాజరు 21కి దిగింది. పిల్లల మార్కులూ మెరుగయ్యాయి.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతమే. కానీ ఆ పద్ధతినే ప్రభుత్వ నర్సుల మీద ప్రయోగించినప్పుడు ఏమైందో కూడా ఆ పరిశోధకులే రాశారు. జిల్లా ఆరోగ్యశాఖ సరేనంది. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. ఆ తర్వాత ‘ఈ రోజు మినహాయింపు’ అన్న రాతలు రిజిస్టరులో పెరగడం మొదలయ్యాయి. మీటింగుకెళ్లిందనీ, సర్వేకెళ్లిందనీ... పైఅధికారులే సర్దేశారు. పదహారు నెలలు తిరిగేసరికి నిఘా పెట్టిన నర్సులకీ పెట్టనివారికీ తేడా లేకుండా పోయింది. మన సర్కారీ ఆఫీసుల్ని దగ్గరగా చూసినవారెవరూ ఇందుకు ఆశ్చర్యపోరు. ఆశ్చర్యమల్లా విఫలమైన ప్రయోగాన్నీ దాచకుండా అచ్చువేయడమే.

నూట నాలుగు బస్తీలు

మళ్లీ హైదరాబాద్‌కి వద్దాం. 2006లో బంగ్లాదేశ్‌కు చెందిన మహమ్మద్ యూనస్‌కి నోబెల్ శాంతి బహుమతి రావడంతో సూక్ష్మరుణాల పేరు మోగిపోయింది. చిన్న అప్పు చాలు, ఆడవాళ్లు వ్యాపారం పెట్టుకుంటారు, ఆదాయం పెరుగుతుంది, పిల్లలు చదువుకుంటారు, ఇంట్లో ఆమె మాటకు విలువొస్తుంది... ఇదీ నమ్మకం. నిజమేనా అని పరీక్షించినవారే లేరు.

బెనర్జీ, డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, అప్పటికి ఎంఐటీ విద్యార్థిని అయిన సింథియా కినన్ ఆ పని పెట్టుకున్నారు. స్పందన అనే సంస్థ హైదరాబాద్‌లో విస్తరించాలనుకుంటున్న సమయమది. పేదలున్నా, అప్పటికి సూక్ష్మరుణ సంస్థలు చేరని 104 బస్తీల్ని ఎంచుకున్నారు. నిర్మాణ కూలీలు ఎక్కువగా ఉండేచోట్లను పక్కనపెట్టారు, వాళ్లు పనివెంట ఊళ్లు మారుతుంటారు కనుక. ఒకేలాంటి రెండేసి బస్తీల్ని జతచేసి లాటరీ తీశారు. ఒకదాంట్లో సంస్థ శాఖ తెరుస్తుంది. రెండోదాంట్లో కొంతకాలం ఆగుతుంది.

మొదటి అప్పు పదివేలు. 50 వారాల్లో తీర్చాలి. వడ్డీ అసలు మీద 12 శాతమే అంటారు గానీ, వారంవారం అసలు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఏడాదికి 24 శాతం పడుతుంది. మన లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. వారానికి సుమారు రెండొందల పాతిక కట్టాలన్నమాట.

ఏడాదిన్నర తర్వాత సర్వే చేస్తే తేలిన మొదటి సంగతి... జనం ఎగబడలేదు! శాఖ తెరిచిన బస్తీల్లో కూడా ఏదో ఒక సూక్ష్మరుణం తీసుకున్న ఇళ్లు నూటికి 27. తెరవని బస్తీల్లో ఇతర సంస్థలు వచ్చి ఇచ్చినవి 18. రెండో సంగతి, అప్పటికే వ్యాపారం ఉన్న ఇళ్లు అందులో మరికాస్త పెట్టుబడి పెట్టాయి. కొత్త వ్యాపారాలూ కొన్ని వచ్చాయి గానీ అవి చిన్నవి, లాభం అంతంతే. ఇళ్లల్లో సామాను కొనుగోలు పెరిగింది. పాన్లు, పొగాకు, బయటి తిండి లాంటి వాటికి పెట్టే ఖర్చు తగ్గింది. వాయిదా కట్టాలంటే ఎక్కడో ఒకచోట బిగబట్టాలి కదా! మొత్తమ్మీద ఇంటి ఖర్చు మాత్రం పెరగలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు... వీటిలో మార్పే లేదు.

అద్భుతమూ కాదు, ఉరితాడూ కాదు. ఈ జవాబు ఎవరికీ నచ్చలేదు. అప్పులిచ్చేవాళ్లకీ, అప్పుల్ని తిట్టేవాళ్లకీ కూడా. తుది రూపంలో ఈ పత్రం 2015లో అచ్చయింది. దానితోపాటే బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో చేసిన ప్రయోగాలూ వచ్చాయి. అన్నిచోట్లా ఇంచుమించు ఇదే మాట.

2010 అక్టోబరు

ఈలోపు మన రాష్ట్రంలో జరగాల్సింది జరిగిపోయింది. ఒక ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకదాని వాయిదాకి ఇంకోదాని దగ్గర తీసుకోవడం, వసూలుకొచ్చినవాళ్లు గుమ్మంలో కూర్చోవడం, ఆత్మహత్యల వార్తలు. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఓ పెద్ద సూక్ష్మరుణ సంస్థ స్టాక్‌మార్కెట్‌కెక్కింది. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి. కొత్త అప్పులూ ఆగిపోయాయి. (తర్వాత అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది.)

ఆ రోజుల బాధను తక్కువచేసి చెప్పలేం. ఆర్డినెన్స్ అవసరమే అనిపించిన పరిస్థితి అది. అయితే దాని దెబ్బ ఎక్కడిదాకా వెళ్లిందో పదేళ్ల తర్వాతగానీ లెక్క తేలలేదు. సింథియా కినన్, ఆమెలాగే ఎంఐటీలో పీహెచ్‌డీ చేసిన ఎమిలీ బ్రీజా 2021లో ఓ పత్రం ప్రచురించారు. ఇక్కడ అప్పులు మునగడంతో సంస్థల దగ్గర డబ్బు అడుగంటింది. దాంతో ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులివ్వడం తగ్గించేశాయి. మనతో ఏ సంబంధమూ లేని జిల్లాల్లో సైతం రోజుకూలి పడిపోయింది. అప్పు తీసుకోని కూలీ కూడా నష్టపోయాడు. చిన్న వ్యాపారికి డబ్బందకపోతే పనికి పిలిచేవాడే ఉండడు కదా!

పేదలేమైనా ఎలుకలా?

ఈ ప్రయోగాల మీద విమర్శలు తక్కువేం కాదు. 2015లో నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ లాంటి పెద్దలే పెదవి విరిచారు. ఉదయ్‌పూర్‌లో పనిచేసింది ఉట్నూరులో పనిచేస్తుందని ఏమిటి నమ్మకం? చిన్నచిన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతూ భూమి, కులం, అధికారం లాంటి పెద్ద ప్రశ్నల్ని వదిలేయడం లేదా? అసలు సగం ఊళ్లకు మేలు చేసి సగం ఊళ్లను ఊరికే చూస్తూ కూర్చోవడం న్యాయమేనా?

చివరి ప్రశ్నకు వాళ్లు చెప్పే సమాధానం... ఎలాగూ అందరికీ ఒకేసారి ఇచ్చే డబ్బుండదు, ఎవరికి ముందో పలుకుబడి తేల్చేకన్నా లాటరీ తేల్చడం నయం అని. కొంతవరకు ఒప్పుకోవచ్చు. కానీ లాటరీలో ఓడిన ఊరికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఈ ముల్లు నన్నింకా గుచ్చుతూనే ఉంది. మొదటి ప్రశ్నకు కెన్యా అనుభవమే సాక్షి. అక్కడ కాంట్రాక్టు టీచర్లను స్వచ్ఛంద సంస్థ నియమించినప్పుడు పిల్లలు బాగా నేర్చుకున్నారు. అదే పని ప్రభుత్వం చేస్తే ఫలితమే లేదు.

ఇక పెద్ద ప్రశ్నలంటారా... అదే విభాగంలో వాటి మీదా పని జరిగింది. బెనర్జీ, ఆయన విద్యార్థిని లక్ష్మీ అయ్యర్ 2005లో వెలువరించిన పరిశోధన మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. బ్రిటిషువాళ్లు శిస్తు వసూలును ఎక్కడ జమీందార్లకప్పగించారు, ఎక్కడ నేరుగా రైతుతోనే పెట్టుకున్నారు అని జిల్లాలవారీగా చూశారు. జమీందారీలు పోయి దశాబ్దాలు గడిచినా ఆ జిల్లాల్లో పంట దిగుబడులు, బడులు, ఆరోగ్య సదుపాయాలు వెనకబడే ఉన్నాయి. ఉత్తర సర్కారుల్లో జమీందారీ, మన్రో దొర హయాం నుంచీ సీమలో రైత్వారీ... రెండూ చూసిన నేల మనది.

మన బడుల్లో, మన మండలాల్లో

జె-పాల్ బృందంలో ఎంఐటీ వాళ్లే కాదు, వేర్వేరు విశ్వవిద్యాలయాలవారూ ఉన్నారు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే కార్తీక్ మురళీధరన్ ఉమ్మడి రాష్ట్రంలో చేసినన్ని ప్రయోగాలు బహుశా మరెవరూ చేసి ఉండరు. ఒకటి చెబుతాను. 2008లో అయిదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన పిల్లల్ని వాళ్ల ఊరి ప్రైవేటు బడిలో ఉచితంగా చేర్పించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగు, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకీ వీళ్లకీ తేడా లేదు. ఇంగ్లిషులోనూ లేదు! హిందీ మాత్రం బాగా వచ్చింది. అయితే ఇంకోమాటా చెప్పాలి. ఆ ఫలితాన్ని ప్రైవేటు బడి సాధించింది సర్కారు ఖర్చులో మూడో వంతుతోనే. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు పట్టుకుపోవచ్చు.

ఉపాధిహామీ కూలీ, పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో ఇవ్వడాన్నీ ఆయనా, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ కలిసి పరీక్షించారు. ఎనిమిది జిల్లాలు, 157 మండలాలు, కోటీ తొంభై లక్షల జనాభా. ఇంత పెద్ద ప్రయోగం అరుదు. కూలీ డబ్బు త్వరగా అందింది. మధ్యలో కాజేసేది 41 శాతం తగ్గింది. లబ్ధిదారుల్లో నూటికి తొంభైమందికి పైగా పాతపద్ధతి కన్నా కార్డే నయమన్నారు.

నోబెళ్లూ, ఒక మచ్చా

ఎంఐటీ విభాగానికి నోబెల్ కొత్తకాదు. 1970లో పాల్ శామ్యూల్‌సన్‌తో మొదలు. బెనర్జీ దంపతుల తర్వాత 2021లో జాషువా ఆంగ్రిస్ట్‌కి, 2024లో డరోన్ ఏస్‌మోగ్లూకి వచ్చింది. దేశాలు ఎందుకు ధనికమవుతాయి, ఎందుకు పేదగా మిగులుతాయి అన్నదానికి వలసపాలకులు పెట్టిన వ్యవస్థల్లో కారణం వెదికారు ఏస్‌మోగ్లూ. అదే పనికి ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్‌కి చెందిన సైమన్ జాన్సన్, షికాగోలోని జేమ్స్ రాబిన్సన్ కూడా ఆ బహుమతిని పంచుకున్నారు.

మచ్చ సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 చివర్లో ఆ విభాగంలోని ఓ పీహెచ్‌డీ విద్యార్థి, కృత్రిమ మేధ సాయంతో శాస్త్రవేత్తలు 44 శాతం ఎక్కువ కొత్త పదార్థాలు కనిపెట్టారంటూ పత్రం విడుదల చేశాడు. పెద్ద పెద్దవాళ్లు మెచ్చుకున్నారు. 2025 మేలో ఎంఐటీయే ముందుకొచ్చి ఆ సమాచారం మీద తమకు నమ్మకం లేదని ప్రకటించింది. అంకెలు బస్తీల్లో తిరిగి తెచ్చినవా, గదిలో కూర్చుని అల్లినవా అన్నది చదివేవాడికి పైనుంచి చూస్తే తెలియదు మరి.

2025 అక్టోబరులో ఇంకో కబురు. బెనర్జీ, డఫ్లోలు 2026 జులై నుంచి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తారని, ఎంఐటీతో పాక్షికంగానే అనుబంధం ఉంటుందని ప్రకటన వెలువడింది. అక్కడ వాళ్లు కొత్త పరిశోధన కేంద్రం పెట్టేందుకు లెమాన్ ఫౌండేషన్ 2.6 కోట్ల స్విస్ ఫ్రాంకులిస్తోంది.

పక్కింటావిడకు తెలుసు

హైదరాబాద్ బస్తీలకు వాళ్లు మరోసారి వెళ్లారు. అప్పులు మొదలైన ఆరేళ్ల తర్వాత, అంటే ఆర్డినెన్స్ వచ్చి సూక్ష్మరుణాలు మాయమైపోయాక కూడా తేడా ఏమైనా మిగిలిందా అని చూడ్డానికి. మిగిలింది! కానీ అందరికీ కాదు. సంస్థలు రాకముందే ఏదో ఒక చిన్న వ్యాపారం చేసుకుంటున్నవాళ్లకు. ముందుగా అప్పు దొరికిన బస్తీల్లో వాళ్ల వ్యాపార ఆస్తులు 35 శాతం ఎక్కువగా ఉన్నాయి. అమ్మకాలు రెట్టింపు. మిగతావాళ్లకు దాదాపు ఏమీ లేదు.

అంటే అప్పు కొందరికి నిచ్చెనే. ఆ కొందరెవరో ముందే తెలిసేదెలా? ఆ సంగతి అప్పిచ్చే ఉద్యోగికి తెలియదు, బ్యాంకుకీ తెలియదు. ఎంఐటీలోనే పీహెచ్‌డీ చేసిన రేష్మాన్ హుస్సామ్, నటాలియా రిగోల్, బెంజమిన్ రోత్‌లు మహారాష్ట్రలోని అమరావతిలో దీన్ని పట్టుకున్నారు. చిరు వ్యాపారుల్ని అయిదారుగుర్ని కూర్చోబెట్టి, మీలో ఎవరి చేతిలో డబ్బు పెడితే బాగా పెరుగుతుందో చెప్పమన్నారు. తర్వాత లాటరీ తీసి కొందరికి ఆరువేల రూపాయలు ఊరికే ఇచ్చారు. సగటున ఆ డబ్బు మీద నెలకు 9 శాతం పైచిలుకు రాబడి వచ్చింది. ఇరుగుపొరుగు ‘వీళ్లే గట్టివాళ్లు’ అన్న మూడో వంతు మందికైతే నెలకు 24 నుంచి 30 శాతం!

మీ మాటను బట్టే డబ్బిస్తామని ముందే చెప్పిన చోట మాత్రం ప్రతివాళ్లూ తమ బంధువుల పేర్లూ స్నేహితుల పేర్లూ పైకి తోశారు. నిజం చెబితే చిన్న బహుమతి ఇస్తామన్నాక ఆ పక్షపాతం చాలావరకు తగ్గింది. అందరి ఎదుటే చెప్పమన్నప్పుడూ అంతే.